పరిచర్యలో ఫలితం కనబడనప్పుడు నిలదొక్కుకోవడం ఎలా?

"బ్రదర్, ఇన్నేళ్లుగా సేవ చేస్తున్నాను. ఎదుగుదలే లేదు. మానేయమంటారా?" ఈ ప్రశ్న మాటలు మార్చుకుని వస్తూనే ఉంటుంది. పాస్టర్లు అడుగుతారు. సండేస్కూల్ టీచర్లు, యూత్ కూడికలు నడిపేవారు, ఆసుపత్రుల్లో రోగుల కోసం ప్రార్థించేవారు, జైలు పరిచర్యకు వెళ్లేవారు కూడా అడుగుతారు. వాళ్లకు ఎక్కువగా దొరికే జవాబు "ఇంకా ప్రార్థన చేయండి". అది తప్పు జవాబేం కాదు. కాని సోమవారం పొద్దున లేచి ఏం చేయాలో అది చెప్పదు. అందుకే ఈ క్రమం రాస్తున్నాను.

ఒక పరిచర్యలో కనీసం ఏడాదిగా ఉన్నవారి కోసం ఇది. మొదలుపెట్టి నాలుగైదు నెలలే అయితే మీకు వీటన్నిటితో పని లేదు. ఏడో మెట్టు ఒక్కటి చదువుకుని పనిలోకి వెళ్లండి.

దగ్గర పెట్టుకోవలసినవి

- ఒక నోటుపుస్తకం. ఫోన్‌లో రాసుకోవచ్చు గాని, కాగితం మీదైతే కొట్టేసినవి కూడా కనబడతాయి. కొట్టేసినవి ఈ పనిలో పనికొస్తాయి.
- గత ఏడాది డైరీ, హాజరు పట్టిక, ప్రసంగాల నోట్సు. ఏది ఉంటే అది.
- మీకు నిజం చెప్పగల ఒక మనిషి. మీ కింద పనిచేసేవారు, మీ దగ్గర జీతం తీసుకునేవారు దీనికి పనికిరారు.
- మీ ఇంట్లోవారి సమయం, ఒక అరగంట.
- బైబిల్లో మూడుచోట్ల గుర్తులు: 1 రాజులు 19, లూకా 13:6–9, 1 కొరింథీయులు 3:5–9.
- ఏ నిర్ణయమూ తీసుకోని ఒక వారం.

1. ముందు నిర్ణయాన్ని వాయిదా వేయండి

ఆదివారం రాత్రి రాజీనామా ఉత్తరం రాయకండి. ప్రసంగం అయిపోయి, జనం వెళ్లిపోయి, ఒళ్లు అలిసిపోయిన గంటలో మనకు కనబడే సంఘం అసలు సంఘం కంటే ఎప్పుడూ చిన్నదే.

1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. అప్పుడు దేవుడు అతనికి బోధ చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారి లేపి తినిపించాడు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అన్న ప్రశ్న వచ్చింది ఆ తరువాత, నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరాక. ఈ వరుసను మీరూ పాటించండి: నిద్ర, తిండి, ఆ తరువాతే ప్రశ్నలు.

వారం రోజులు పూర్తిగా పక్కకు వెళ్లలేకపోతే ఒక కూడికను మరొకరికి అప్పగించండి. అప్పగించడానికి ఎవరూ లేకపోతే ఆ రోజు ప్రసంగం బదులు కొత్త నిబంధనలోని ఒక పత్రికను (ఉత్తరాన్ని) మొదటినుంచి చివరిదాకా చదివించి ప్రార్థనతో ముగించండి. సంఘానికి నష్టం జరగదు.

హెచ్చరిక: వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఏ పనిమీదా మనసు నిలవకపోవడం, చనిపోవాలన్న ఆలోచన రావడం ఉంటే ఈ గైడు పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన ఉంటే ఈ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి, వాళ్లను వెంటపెట్టుకుని వెళ్లండి. సేవకుడికి ఇలా జరగడం విశ్వాసం లేకపోవడం వల్లనే అని ఎవరైనా అంటే ఏలీయా అధ్యాయం చూపించండి.

2. నిరాశ దేని గురించో ఒక్క వాక్యంలో రాయండి

"ఫలితం లేదు" అని రాస్తే కుదరదు. ఏ ఫలితం? మనుషులు రావడం లేదా? వస్తున్నారు గాని మారడం లేదా? మారినవాళ్లు వెళ్లిపోయారా? చేసినదాన్ని ఎవరూ గుర్తించడం లేదా? ఇల్లు గడవడం లేదా? లేక మీతోపాటు మొదలుపెట్టినవారి సంఘం నిండిపోతుంటే మీది అలాగే ఉందా?

నా అభిప్రాయంలో ఈ మొత్తం క్రమంలో కష్టమైన మెట్టు ఇదే. చాలామంది మొదటి వాక్యం "మనుషులు రావడం లేదు" అని రాస్తారు. రెండు రోజులు ఆగి మళ్లీ చూస్తే దాని కింద ఇంకో వాక్యం ఉంటుంది: "ఆయన దగ్గరకు వెళ్తున్నారు." ఇవి రెండూ ఒక జబ్బు కాదు, రెంటికీ ఒకే మందు పనిచేయదు. మనుషులు రాకపోతే మీరు వాళ్ల దగ్గరకు వెళ్లే విధానం చూసుకోవాలి. ఇంకొకరి దగ్గరకు వెళ్తున్నారన్నది బాధ అయితే మార్చవలసింది కూడిక సమయాన్ని కాదు. ఆ ఇంకొకరి పేరు మీ ప్రార్థన జాబితాలో చేర్చి, ఆయన పరిచర్య కోసం నెల రోజులు పేరు పెట్టి ప్రార్థించండి. మొదటి వారం పెదవులతోనే చేస్తారు. పర్వాలేదు, ఆపకండి.

ఇల్లు గడవకపోవడమే అసలు సమస్య అయితే దాన్ని ఆత్మీయ భాషలో దాచకండి. పౌలు కొరింథులో డేరాలు కుట్టాడు. కొంతకాలం ఉద్యోగం చేసుకుంటూ పరిచర్య చేయడం వెనకడుగు అనుకోనక్కర్లేదు.

3. రెండు గళ్లు గీయండి

ఎడమవైపు "నా చేతిలో ఉన్నవి", కుడివైపు "నా చేతిలో లేనివి". 1 కొరింథీయులు 3:6లో పౌలు ఇదే విభజన చేశాడు: నాటినది తాను, నీళ్లు పోసినది అపొల్లో, వృద్ధి కలుగజేసినవాడు దేవుడు.

ఎడమ గడిలోకి వచ్చేవి: వాక్యం సిద్ధపడటం, ఇళ్లకు వెళ్లడం, పేరుపేరునా ప్రార్థించడం, చెప్పిన సమయానికి రావడం, కానుకల లెక్క సరిగ్గా ఉంచడం, అడిగినవారికి జవాబివ్వడం, తప్పు చేస్తే క్షమాపణ అడగడం.

కుడి గడిలోకి వచ్చేవి: ఒక మనిషి మారుమనస్సు పొందడం, ఎప్పుడు పొందుతాడన్నది, ఎంతమంది వస్తారన్నది, మీ పేరు ఎంత దూరం వెళ్తుందన్నది.

ఇక్కడ పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. ఏడాదిలో ఒక్క ఇంటికీ వెళ్లకుండా "ఆత్మలను రప్పించేవాడు దేవుడే" అనేవారు ఎడమ గడి పనిని కుడి గడిలోకి తోసేస్తారు. ఒక్క యువకుడు జారిపోయాడని రాత్రంతా తమను తాము తిట్టుకునేవారు కుడి గడిలోనిది తెచ్చి ఎడమవైపు పెట్టుకుంటారు. మొదటివారికి పని కావాలి, రెండోవారికి విశ్రాంతి. మీరెవరో తెలియకపోతే డైరీ తీసి, పోయిన నెలలో ఎడమ గడిలోని ఒక్కొక్కటి ఎన్నిసార్లు చేశారో రాయండి. జ్ఞాపకం మీద ఆధారపడకండి. మనసు బాగా లేనప్పుడు అది తక్కువ చేసి చెబుతుంది, గర్వంగా ఉన్నప్పుడు ఎక్కువ చేసి చెబుతుంది.

4. మీ లెక్కలోకి రానివాళ్లను వెతకండి

"నేను ఒకడనే మిగిలాను" అన్నది ఏలీయా లెక్క. దేవుడి లెక్కలో బయలు దేవతకు మోకాళ్లూననివారు 7,000 మంది. అంత నమ్మకంగా పనిచేసిన ప్రవక్తకే తన చుట్టూ ఉన్న ఫలం తెలియలేదు.

చేయవలసింది ఇది. పాత హాజరు పట్టికలు తీయండి. ఇప్పుడు రానివాళ్ల పేర్లు రాయండి. పెళ్లయి వెళ్లినవాళ్లు, ఉద్యోగం కోసం ఊరు మారినవాళ్లు, అలిగి మానేసినవాళ్లు. వాళ్లలో ఐదుగురికి ఫోన్ చేయండి. "మీరు జ్ఞాపకం వచ్చారు. ఎలా ఉన్నారు? మీకోసం ఏ విషయమై ప్రార్థించను?" అంతే. నా బోధ వల్ల మేలు కలిగిందా అని మాత్రం అడగకండి. అడిగితే అందరూ కలిగిందనే అంటారు, ఆ జవాబుకు విలువ ఉండదు. మీరు అడగకుండా వాళ్లంతట వాళ్లే చెప్పింది మాత్రం ఆ రోజే రాసుకోండి.

కొందరు ఫోన్ ఎత్తరు. ఒకరిద్దరు కోపంగా మాట్లాడతారు. అదీ రాసుకోండి, కోపంలో తరచుగా నిజం ఉంటుంది. వెళ్లిపోయినవాళ్ల పేర్లు పూర్తిగా కొట్టేయకండి. పంఫూలియలో పౌలును వదిలి వెళ్లిపోయిన మార్కు అను మారు పేరుగల యోహానును తీసుకుని రమ్మని, అతడు పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని, అదే పౌలు 2 తిమోతి 4:11లో రాశాడు. మధ్యలో ఏళ్లు గడిచాయి.

సండేస్కూల్ టీచర్లకు ఒక మాట. మీ ఫలితం చూడటానికి మీకు అందరికంటే ఎక్కువ కాలం పడుతుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడి విశ్వాసాన్ని ఏడాది చివర పరీక్ష పెట్టి కొలవలేరు.

5. ఒక్కటి మార్చండి, గడువు పెట్టండి

పట్టుదల అంటే అదే పనిని అదే విధంగా చేస్తూ పోవడం అనుకుంటారు. లూకా 13లో అంజూరపు చెట్టు ఉపమానం చూడండి. మూడేళ్లు పండ్లు లేవు. తోటమాలి చెట్టును నరకవద్దన్నాడు. కాని ఊరికే వదిలేయమనీ అనలేదు. చుట్టూ తవ్వి, ఎరువు వేస్తానన్నాడు, ఒక సంవత్సరం గడువు అడిగాడు. కొత్త శ్రమ, దానికి ఒక హద్దు. ఈ రెండూ కలిసి ఉండాలి.

మార్చదగినవి కొన్ని:

- గంటన్నర ప్రసంగాన్ని అరగంటకు తగ్గించి, మిగతా సమయం ప్రశ్నలకు ఇవ్వడం.
- అందరినీ ఒకచోటికి రమ్మనడం మాని, వారానికి రెండిళ్లకు మీరే వెళ్లడం.
- అన్నీ మీరే చేయకుండా ఇద్దరిని తర్ఫీదు చేసి చెరొక పని అప్పగించడం.
- కూడిక సమయాన్ని, వచ్చేవారి పని వేళలను చూసి మార్చడం. వాళ్లనే అడగండి.

ఒకేసారి నాలుగూ మార్చకండి. ఏది పనిచేసిందో తెలియదు, సంఘం కూడా గందరగోళపడుతుంది. గడువు మూడు నెలలకంటే తక్కువ వద్దు, ఏడాది అయితే మంచిది. గడువు తేదీని నోటుపుస్తకంలో రాసి, మీ నిజం చెప్పే మనిషికి కూడా చెప్పండి.

చోటు మారాలా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. అపొస్తలుల కార్యములు 16లో ఆసియకు, బితూనియకు దారులు మూసుకుపోతే పౌలు త్రోయకు దిగాడు, అక్కడినుంచి ఫిలిప్పీకి వెళ్లాడు. 18లో కొరింథువాళ్లు ఎదిరించి దూషించినప్పుడు "భయపడక మాటలాడుము" అన్న మాట విని ఏడాదిన్నర అక్కడే ఉన్నాడు. వ్యతిరేకత వచ్చిందనో, రాలేదనో దాన్నే గుర్తుగా తీసుకుని వెళ్లిపోవడానికి వీల్లేదు. చోటు మార్చే నిర్ణయం మాత్రం ఒంటరిగా తీసుకోకండి.

హెచ్చరిక: మార్చవలసింది పద్ధతిని. జనం కోసం సువార్తను మార్చకండి. వస్తువులు పంచి రప్పించడం, జరగని స్వస్థతలు జరిగినట్టు చెప్పడం, శ్రమ లేని జీవితం వాగ్దానం చేయడం, వీటితో హాజరు పట్టిక నిండుతుంది. యోహాను 6:66లో అనేకులు వెనక్కి వెళ్లిపోయినప్పుడు యేసు వాళ్లను ఆపడానికి మాట మార్చలేదు. పన్నెండుమందిని చూసి మీరు కూడా వెళ్లిపోతారా అని అడిగాడు.

6. చరిత్రను సరిగ్గా వాడుకోండి

ఓదార్పుకోసం మనం చెప్పుకునే కథలు కొన్ని ఉన్నాయి. మిషనరీ విలియం కేరీ 1793లో బెంగాల్ చేరితే అక్కడివారిలో మొదటి బాప్తిస్మం, కృష్ణపాల్‌ది, 1800 డిసెంబరులో జరిగింది. మరో మిషనరీ అదొనిరామ్ జడ్సన్ 1813లో బర్మాలోని రంగూన్ చేరాడు, మొదటి బాప్తిస్మం 1819లో. మన తెలుగు నేల మీద నెల్లూరులో శామ్యూల్ డే 1840లో మొదలుపెట్టిన బాప్టిస్టు మిషన్ పని ఎంత చిన్నగా ఉండిపోయిందంటే, దాన్ని మూసేయాలా అని అమెరికాలోని వాళ్ల సొసైటీ 1853లోను 1862లోను చర్చించింది. అక్కడ పనిచేస్తున్న మిషనరీ లైమన్ జూయెట్ వదలనన్నాడు. 1865లో జాన్ క్లౌ వచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వేలుంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ కథలు చదివి "నాకూ 1878 వస్తుంది" అనుకోవడమే పొరపాటు. రావచ్చు, రాకపోవచ్చు. యిర్మీయా 23 ఏళ్లు పెందలకడ లేచి చెప్పాడు, మీరు వినలేదు అని తానే 25:3లో అన్నాడు. ఆ తరువాత కూడా వాళ్లు వినలేదు. అతన్ని ఎవరూ విఫలుడైన ప్రవక్త అనలేదు.

వీటిలో మీరు చూడవలసింది ఖాళీ ఏళ్లలో వాళ్లు ఏం చేశారన్నది. కేరీ బెంగాలీ నేర్చుకుని కొత్త నిబంధన అనువదించాడు, అది 1801లో అచ్చయింది. జడ్సన్ మొదటి బాప్తిస్మానికి ముందే మత్తయి సువార్తను బర్మా భాషలోకి తెచ్చాడు. క్లౌ సంగతి ఇంకా ఆసక్తికరం. 1876–78 కరువులో అతడు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి పని ఇప్పించాడు. కాని సాయంకోసమే వస్తున్నారేమో అని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. అంటే అంకెలు పెంచుకునే వీలు చేతిలో ఉన్నప్పుడు వద్దనుకున్నాడు. 2,222 అన్న అంకె చెప్పేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి.

7. వారానికి కనీసపు పని నిర్ణయించుకోండి

ఉత్సాహం ఉన్న వారాల్లో ఎంతైనా చేస్తారు. లేని వారంలో కూడా తప్పకుండా చేయగలిగింది ఎంతో అంతే రాసుకోండి. ఉదాహరణకు: పది పేర్లతో రోజూ ప్రార్థన, వారానికి ఒక ఇంటి దర్శనం, ఒక వర్తమానం నిజాయితీగా సిద్ధపడటం, ఒక రోజు పూర్తి సెలవు. ఇది చిన్నదిగా కనబడాలి. చూసి భయం వేస్తే సగానికి తగ్గించండి.

సెలవు రోజును జాబితాలో ఉంచడం మరచిపోకండి. మార్కు 6:31లో భోజనానికి కూడా తీరిక లేని శిష్యులను అలసట తీర్చుకోమని పిలిచింది యేసే.

8. ఒకరితో నెలకోసారి కూర్చోండి

అమాలేకుతో యుద్ధంలో మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు చెరొకవైపు పట్టుకున్నారు. మీ మనిషితో నెలకోసారి కూర్చుని ఇవే ప్రశ్నలు ప్రతిసారీ అడిగించుకోండి: కనీసపు పని జరిగిందా? ఇంట్లో ఎలా ఉంది? డబ్బు విషయంలో దాచినది ఏమైనా ఉందా? ఎవరిమీద అసూయ ఉంది? నిద్ర పడుతోందా?

దగ్గరలో ఎవరూ లేకపోతే ఫోన్‌లో మాట్లాడండి. వేరే సంఘంవారైనా పర్వాలేదు, ఒక్కోసారి అదే మేలు. ఆదివారం పుల్పిట్ మీదినుంచి మాత్రం ఈ భారం దించుకోకండి. "మీరెవరూ మారడం లేదు" అని వచ్చినవాళ్లను తిడితే, రానివాళ్లకు వినబడదు కదా.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఉపవాస ప్రార్థన పెట్టి, అది ముగిసిన ఆదివారమే జనం పెరగాలని ఎదురుచూడటం. ఉపవాసం చేయండి, కాని దాన్ని గడువుతో ముడిపెట్టకండి.

ప్రతి ఎదురుదెబ్బనూ అపవాది ఖాతాలో వేయడం. కూడిక ఆలస్యంగా మొదలవుతోందని, మైకు సరిగ్గా వినబడటం లేదని జనం మానేస్తే దానికి అపవాది అక్కర్లేదు.

ఇంటివాళ్లను బలిపెట్టి సేవ నిలబెట్టాలనుకోవడం. మొదట అడిగిన అరగంట ఇందుకే. భార్యనో భర్తనో ఒక్క ప్రశ్న అడగండి: "ఈ పని మనింటిని ఏం చేస్తోంది?" అడిగాక మధ్యలో మాట్లాడకండి, సమర్థించుకోకండి. పెళ్లికానివారు అమ్మానాన్నలనో, కలిసి ఉండేవారినో అడగండి.

ఇక నివేదికల్లో అంకెలు కొంచెం పెంచి రాయడం. నిరాశలో ఉన్నవారికి ఈ శోధన బలంగా వస్తుంది. ఒకసారి పెంచితే మరుసటి నెల నిజమైన అంకె మీకే ఓటమిలా కనబడుతుంది. ఇప్పటికే పెంచి రాసి ఉంటే ఈ నెలనుంచి సరిచేసి, నివేదిక అందుకునేవారికి ఆ సంగతి చెప్పండి.

పనిచేస్తోందో లేదో చూసుకోవడం

మూడు నెలల తరువాత నోటుపుస్తకం తీయండి. హాజరు అంకె చివర చూడండి, ముందు ఇవి చూడండి. కనీసపు పని ఎన్ని వారాలు జరిగింది? సగానికి పైగా జరిగితే మీరు నిలబడ్డారు. ఎవరి పేరు వింటే అసూయ పుట్టేదో ఆయన సంఘంలో మంచి జరిగిందని తెలిస్తే ఇప్పుడు ఏమనిపిస్తోంది? ప్రార్థనలో సంఖ్యలు ఎక్కువగా వస్తున్నాయా, మనుషుల పేర్లు వస్తున్నాయా? మీ ఇంట్లోవాళ్లు మీలో ఏ మార్పైనా గమనించారా? మార్చిన ఆ ఒక్క విషయం గురించి ఎవరైనా, బాగుందనో బాగాలేదనో, మాట్లాడారా?

వీటిలో రెండు మూడు మెరుగుపడి హాజరు అలాగే ఉంటే గడువు పూర్తయ్యేదాకా కొనసాగండి. హాజరు పెరిగి ఇవన్నీ దిగజారితే ఆగి మళ్లీ రెండో మెట్టుకు వెళ్లండి.

గడువు ముగిశాక ఆపవలసి వస్తే

ఆపడం కూడా కొన్నిసార్లు విధేయతే. మీ ఆరోగ్యం నిలవకపోతే, మీకు నిజం చెప్పే మనిషి, ఇంటివాళ్లు, పెద్దలు ముగ్గురూ ఒకే మాట చెబితే, లేక మీ జీవితంలో దిద్దుకోవలసిన పాపం ఉండి సేవ దానికి ముసుగుగా మారితే ఆపండి. ఈ చివరిదైతే గడువుదాకా కూడా ఆగవద్దు, ఈ వారమే పెద్దలకు చెప్పండి.

మాయమైపోవద్దు. హోరేబులో ఏలీయాకు ఇచ్చిన పనుల్లో ఒకటి తన స్థానంలో ఎలీషాను అభిషేకించడం. మీరూ ఎవరికి అప్పగిస్తున్నారో చూసి, నోటుపుస్తకంలోనుంచి ఒక పేజీ వాళ్లకోసం రాయండి: ఎవరి ఇంట్లో అనారోగ్యం ఉంది, ఎవరు బాప్తిస్మానికి సిద్ధపడుతున్నారు, ఎవరు అలిగి ఉన్నారు, కానుకల లెక్క ఎంత ఉంది, తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి. నమ్మి చెప్పుకున్న రహస్యాలు మాత్రం ఆ పేజీలో ఉండకూడదు. ఆ తరువాత కొత్తవాళ్లతో కలిసి రెండు వారాలు ఇళ్లకు తిరిగి పరిచయం చేయండి, మూడో వారంనుంచి వెనక బెంచీలో కూర్చోండి.